నడినెత్తి ఎండకు తెల్ల పంచె

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త అటూ ఇటూ ఉన్న ఊళ్ళు. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ ఎండలో ఫోటో తీస్తే నుదురు తెల్లగా వెలిగిపోతుంది, కళ్ళు గుంటల్లో మునిగిపోతాయి, ముక్కు కింద నల్లటి మరక పడుతుంది. పెళ్ళి ముహూర్తాలు ఎండను చూసి పెట్టరు కాబట్టి ఫోటోగ్రాఫరు సాయంత్రం దాకా ఆగలేడు. అతనికి కొత్త లెన్స్ కన్నా ముందు కావాల్సింది వెలుగును నీడలోకి మళ్ళించే రిఫ్లెక్టర్. అది కొన్నదా, ఇంట్లో చేసుకున్నదా అన్నదాంతో ఫలితానికి పెద్దగా పనిలేదన్నది నా వాదన.

ఎందుకంటే రిఫ్లెక్టర్ పనితనాన్ని తేల్చేవి దాని ఉపరితలం, పరిమాణం, దూరం. థర్మోకోల్ షీటు, తెల్ల పంచె వెలుగును నలువైపులా చెదరగొడతాయి, నీడ మెత్తగా విడిపోతుంది. అట్టకు అంటించిన అల్యూమినియం ఫాయిల్ ఒకే దిక్కుకు గట్టిగా కొడుతుంది. దూరం నుంచి పనికొస్తుంది గానీ దగ్గర పెడితే ఎదుటి మనిషి కళ్ళు చిట్లిస్తాడు. ఏదైనా సరే, పెద్దదిగా ఉండి దగ్గరికి వచ్చినకొద్దీ వెలుగు మృదువవుతుంది. 1956 నాటి ‘అపరాజితో’ కోసం ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర చేసింది ఇదే. కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్ వేసినప్పుడు, దానిపైన తెల్ల గుడ్డ పరిపించి, దీపాల కాంతిని దాని మీదికి కొట్టించి, ఆకాశం నుంచి దిగే వెలుగును రాబట్టాడు.

మన ఊళ్ళ సరుకును చూస్తే ఈ సూత్రం ఇంకా తేటపడుతుంది. మదనపల్లె టమోటా నున్నటి తోలు మీద ఫోన్ ఫ్లాష్ ఒక తెల్ల చుక్కను పెడుతుంది. పక్కన తెల్ల అట్ట నిలబెడితే అక్కడే మెత్తటి మెరుపు పరుచుకుని కాయ గుండ్రదనం కనిపిస్తుంది. నీరుగట్టువారిపల్లె పట్టుచీరదీ అదే తీరు. జరీ తన ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది కాబట్టి దానికి ఎదురుగా తెల్లటి వెడల్పు తలం ఉండాలి, ఫాయిల్ పెడితే జరీ ముక్కలు ముక్కలుగా మెరుస్తుంది. పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. పొట్ట కింద నీడను తేల్చడానికి దాని పక్కన నేల మీద పంచె పరిస్తే చాలు. పాలిష్ చేసిన కుప్పం గ్రానైట్ పలకకు మాత్రం తెలుపు కాదు, నల్ల గుడ్డ కావాలి. లేకపోతే రాయి కన్నా ఫోటో తీసేవాడి చొక్కానే స్పష్టంగా కనిపిస్తుంది.

ఫోనే నీడల్ని సరిచేస్తోంది కదా, ఈ అట్టల గోల ఎందుకని అడగొచ్చు. సాఫ్ట్‌వేర్ నీడను తేలిక చేయగలదు గానీ, వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో మార్చలేదు. పడని మెరుపును జరీ మీద నిజంలా పుట్టించడం దానికి కష్టం. రంగు గురించిన అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. రిఫ్లెక్టర్ తన రంగును కూడా ముఖానికి పూస్తుంది. నీలిమందు పెట్టిన పంచె చల్లటి ఛాయనిస్తుంది, పాతబడిన అట్ట పసుపు ఛాయనిస్తుంది. అందుకే తలాన్ని మార్చినప్పుడల్లా కెమెరాలో వైట్ బ్యాలెన్స్ మళ్ళీ సరిచూసుకోవాలి. గాలికి థర్మోకోల్ విరుగుతుంది, బైక్ మీద మోసుకెళ్ళడం కష్టం, పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నెలనెలా ఆరుబయట పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకు మడత రిఫ్లెక్టర్ కొనడం దండగ కాదు. అయితే వాళ్ళు పెట్టే డబ్బు మోత సులువు కావడానికి, మన్నికకు. దానివల్ల వెలుగు నాణ్యత ఆ మేరకు పెరగదు.

సామాన్ల జాబితా రాసుకునేవాళ్ళు ఈ తేడాను ముందు గుర్తిస్తే మంచిది. ఒక తెల్ల తలం, ఒక వెండి తలం, ఒక నల్ల గుడ్డతో కొన్నాళ్ళు పనిచేస్తే తమ పనికి ఏది, ఎంత పెద్దది, ఎంత దూరంలో కావాలో తెలిసిపోతుంది. ఆ లెక్క తెలిశాక కొనే వస్తువు ఊరికే పడి ఉండదు. తెలియకుండా కొన్నది ఎంత ఖరీదైనా, ఎక్కడ నిలబెట్టాలో తెలియక సంచిలోనే మిగిలిపోతుంది.