రెండు వందల బార్ల పగ్గం

సీఎన్‌జీ కారు కొనాలనుకునేవాళ్లు మూడు ప్రశ్నలు అడుగుతారు. మైలేజీ ఎంత, డిక్కీలో చోటు మిగులుతుందా, పికప్ తగ్గుతుందా. మూడూ అడగాల్సినవే. కానీ ఆ బండిలో అసలు చెప్పుకోదగ్గ సంగతి ఈ మూడింటిలోనూ లేదు. వెనక సీటుకు ఆనుకుని పడుకోబెట్టిన సిలిండర్లో గ్యాసు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. అంటే లోపలి గోడలో ప్రతి చదరపు సెంటీమీటరునూ రెండు వందల కిలోల పైచిలుకు బరువు బయటికి నెడుతున్నట్టు లెక్క. అదే గ్యాసు ఇప్పటి కిట్లలో ఇంజెక్టర్ల దాకా వచ్చేసరికి రెండు మూడు బార్లకు దిగిపోవాలి. ఈ రెంటికీ మధ్య దారి నాలుగు మీటర్లు ఉంటే ఎక్కువ. ఆ నాలుగు మీటర్లలో ఎంత పనితనం దాగి ఉందో ఒక్కో భాగమే విప్పి చూద్దాం.

అసలింత ఒత్తిడి ఎందుకు? వంటింటి సిలిండర్లోని ఎల్పీజీ కొద్దిగా నొక్కితే చాలు ద్రవమైపోతుంది, కాస్త చోటులోనే ఇమిడిపోతుంది. సహజవాయువు అలా లొంగదు. అందులో ముప్పాతిక మించి ఉండేది మీథేన్. మైనస్ 82 డిగ్రీల కంటే చల్లబడితే తప్ప, ఎంత నొక్కినా మీథేన్ ద్రవం కాదు. మామూలు వాతావరణంలో దాన్ని బండిలో మోయాలంటే గ్యాసుగానే నొక్కిపెట్టి ఉంచాలి. నొక్కే ఏర్పాటు లేనప్పుడు జనం పడ్డ పాట్లు చూస్తే దీని విలువ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఐరోపాలో పెట్రోలు కరువైతే, బొగ్గు నుంచి తీసిన గ్యాసును పెద్ద పెద్ద సంచుల్లో నింపి, వాటిని కార్ల మీదా బస్సుల మీదా కట్టుకుని తిరిగారు. సంచి దాదాపు బండంత ఉండేది, దాంతో పోగలిగిన దూరం మాత్రం కొద్ది మైళ్లే. ఇటలీవాళ్లు 1930ల్లోనే సహజవాయువును బండ్లకు వాడసాగారు. 1954లో అక్కడి రెజ్జో ఎమీలియాలో మొదలైన లాండి రెంజో వంటి కంపెనీల వల్ల కిట్ల తయారీలో ఇటలీ పేరు నేటికీ వినబడుతుంది.

ముందు సిలిండర్. మామూలు ఉక్కు సిలిండర్‌ను ఎంత తడిమినా ఎక్కడా అతుకు దొరకదు. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో అతుకు లేకుండా తీసిన గొట్టాన్ని తీసుకుని, దాని కొసను ఎర్రగా కాల్చి, గిరగిరా తిప్పుతూ పక్క నుంచి రోలరుతో ఒత్తుతారు. కుమ్మరి సారె మీద కుండకు మెడ తీసినట్టే ఆ కొస లోపలికి వాలుతూ గుండ్రంగా మూసుకుపోతుంది. ఒక వైపు పూర్తిగా మూసుకుంటుంది, రెండో వైపు సన్నటి మెడ మిగులుతుంది. ముడుచుకునేకొద్దీ అక్కడి ఉక్కు దళసరి అవుతుంది. మెడలో మరలు కోయాలి, బరువైన వాల్వు బిగించాలి కాబట్టి ఆ దళసరే అక్కరకు వస్తుంది. ఆ తర్వాత కాల్చి, చల్లార్చి, మళ్లీ మితంగా కాల్చి ఉక్కును పదును పెడతారు. గట్టిదనం ఒక్కటే ఉంటే ఉక్కు పెళుసుగా పగులుతుంది, సాగే గుణం ఒక్కటే ఉంటే ఉబ్బిపోతుంది. రెండూ సరిపాళ్లలో ఉండాలి. ఇంతా చేసి గోడ మందం సెంటీమీటరుకు లోపే.

అయినా బరువు తప్పదు. 60 లీటర్ల సిలిండరైతే తొమ్మిది కిలోల చుట్టూ గ్యాసు పడుతుంది, దాన్ని పట్టి ఉంచే ఉక్కు అరవై కిలోల దాకా తూగుతుంది. ప్లాస్టిక్ లోపొర మీద కార్బన్ నారతో చుట్టిన తేలిక సిలిండర్లు వచ్చాయి గానీ, ఖరీదు వల్ల మామూలు కార్లలో ఉక్కుదే రాజ్యం.

మెడకు బిగించే ఇత్తడి వాల్వు గుప్పిట్లో పట్టేంత ముక్క. ఈ మొత్తం ఏర్పాటులో నాకు ముచ్చటేసేది ఇదే. చేత్తో తిప్పి గ్యాసు ఆపుకునే మర అందరికీ కనిపిస్తుంది. కనిపించనివి ఇంకో మూడున్నాయి. దారిలో గొట్టం తెగి గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నితే, ఆ విసురుకే తనంతట తాను మూసుకునే అడ్డు ఒకటి. ఒత్తిడి హద్దు మీరితే చిరిగి గ్యాసును వదిలేసే పలచని బిళ్ల ఇంకొకటి. నూరు డిగ్రీల పైచిలుకు వేడికి కరిగిపోయే లోహపు బిరడా మూడోది. బిళ్ల ఉండగా బిరడా దేనికి అనిపిస్తుంది. సగం ఖాళీ అయిన సిలిండరుకు మంట సెగ తగిలిందనుకోండి. లోపలి ఒత్తిడి హద్దు దాటకముందే పైనున్న ఉక్కు బలం తగ్గిపోవచ్చు. అలాంటప్పుడు ఒత్తిడిని కనిపెట్టే బిళ్లకు ఆపద తెలియదు. వేడిని కనిపెట్టే బిరడాకు తెలుస్తుంది. ఒక కాపలా కన్నుగప్పే ఆపద ఏదో ఆలోచించి మరీ ఇంకో కాపలా పెట్టారన్నమాట. డిక్కీలో సిలిండర్ ఉంటే ఈ వాల్వు చుట్టూ ఒక సంచి తొడిగి, అందులోంచి గొట్టాలు బండి కిందికి తీస్తారు. పిసరంత లీకైనా గ్యాసు డిక్కీలో పోగుపడకుండా ఆ దారిన బయటపడుతుంది. బయటపడిందా, గాలి కంటే తేలిక కాబట్టి పైకి పోతుంది.

వాల్వు నుంచి బానెట్ దాకా నడిచేది 6 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం. కిట్ బాగా కూర్చిందా లేదా అన్నది ఈ గొట్టం చూస్తే చెప్పేయొచ్చు. కొసను రంపంతో కోస్తే రజను లోపల పడి రెగ్యులేటరును పాడుచేస్తుంది, అందుకని కట్టరుతో చుట్టూ గీరి కోయాలి. నట్టు లోపల ఫెర్రుల్ అనే చిన్న ఉంగరం ఉంటుంది. నట్టు బిగిసేకొద్దీ అది గొట్టాన్ని కరుచుకుంటుంది. తక్కువ బిగిస్తే లీకు, మరీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి మళ్లీ లీకే. పని తెలిసిన ఫిట్టరు చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. తర్వాత సబ్బు నురగ పూసి బుడగ లేస్తుందేమో చూస్తాడు. బంకుకు వచ్చే గ్యాసులో ఘాటైన వాసన కలిపి ఉన్నా, అతను ముక్కును నమ్ముకోడు.

వాల్వు దగ్గరా రెగ్యులేటరు దగ్గరా గొట్టాన్ని తిన్నగా లాక్కుపోకుండా ఒక చుట్టు చుడతారు. విజయవాడ ఆటోనగర్లో ఓ కుర్ర డ్రైవరు దాన్ని చూసి అడిగాడు: "ఆ చుట్టు దేనికి బాబాయ్? తిన్నగా లాగితే గొట్టం మిగులుద్ది కదా." ఫిట్టరు తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు: "బండి ఊగుద్ది రా. ఆ ఊపు ఎక్కడో చోట పడాలి. చుట్టు మీద పడకపోతే నట్టు మీద పడుద్ది." వాహనాల్లో సీఎన్‌జీ అమరికకు మన దేశంలో ఏఐఎస్ 024, ఏఐఎస్ 028 అనే ప్రమాణాలున్నాయి. వాటి సారం ఆ మాటలో సగం వచ్చేసింది.

గ్యాసును అసలు లొంగదీసేది రెగ్యులేటరు. నొక్కిపెట్టిన గ్యాసు ఒక్కసారిగా వ్యాకోచిస్తే గడ్డకట్టేంత చల్లబడుతుంది. 200 బార్ల నుంచి దించేటప్పుడు ఆ చలికి రెగ్యులేటరు లోపలి రబ్బరు పొరలు బిగుసుకుపోతాయి, గ్యాసులో తేమ ఉంటే మంచై దారి మూసేస్తుంది. దీనికి ఇంజనీర్లు వెతుక్కున్న ఉపాయం సులువైనదే కానీ ముచ్చటైనది. ఇంజిన్ను చల్లబరిచి రేడియేటరుకు వెళ్లే వేడి నీళ్లలో కొంత రెగ్యులేటరు చుట్టూ తిప్పారు. ఒకచోట వద్దనుకున్న వేడి ఇంకోచోట పనికొచ్చింది. పాత కార్లకు బయట బిగించే కిట్లలో బండి పెట్రోలు మీద స్టార్టయి, నీళ్లు వేడెక్కాకే గ్యాసుకు మారడానికి కారణం ఇదే.

అక్కడి నుంచి పని ఎలక్ట్రానిక్స్‌ది. సీక్వెన్షియల్ కిట్లో గ్యాసు కంప్యూటరు, పెట్రోలు కంప్యూటరును పక్కకు నెట్టేయదు. ఇంజిన్లోని ఏ సిలిండరుకు ఎంతసేపు పెట్రోలు చిమ్మాలో పెట్రోలు కంప్యూటరు ఇచ్చే ఆజ్ఞను మధ్యలో అందుకుని, గ్యాసు ఎంతసేపు వదలాలో దాన్నిబట్టి లెక్క కట్టుకుంటుంది. కంపెనీ ఏళ్ల తరబడి కుదుర్చుకున్న లెక్కను చెడగొట్టకుండా, దాని మీదే తన పని నడుపుకుంటుంది.

ఈ పనితనం ఢిల్లీ నగరాన్నే మార్చింది. గాలి కాలుష్యం మీద ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998 జులైలో బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని ఆదేశించాక, నానా తంటాలు పడి 2002 చివరికల్లా ఆ మార్పు పూర్తి చేశారు. మన దగ్గర గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ ద్వారా హైదరాబాదు, విజయవాడ బండ్లకు గ్యాసు అందింది. కృష్ణా, గోదావరి బేసిన్ గ్యాసు నిక్షేపాలకు పేరుపడిన నేల కాబట్టి ఈ ఇంధనం మనకు పరాయిదేమీ కాదు.

ఇటీవలి పనుల్లో మెచ్చుకోదగ్గది 2024 జులైలో వచ్చిన బజాజ్ ఫ్రీడమ్ 125 బైకు. రెండు కిలోల గ్యాసు పట్టే సిలిండరును సీటు కింద, ఉక్కు కడ్డీల చట్రం నడుమ పడుకోబెట్టారు. పెట్రోలు ట్యాంకు రెండు లీటర్లది. బండి పడితే దెబ్బ ముందు చట్రానికి తగిలే విధంగా కూర్చారు. దూరం పోయే లారీలకు మాత్రం సీఎన్‌జీ సిలిండర్ల బరువు గిట్టుబాటు కాదు. వాటికి గ్యాసును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవం చేసి నింపుతారు. అప్పుడది ఆరు వందల వంతు చోటులో ఇముడుతుంది. ఇక్కడ పోరాటం ఒత్తిడితో కాదు, వేడితో. అందుకే ఆ ట్యాంకుకు రెండు గోడలు, మధ్యలో శూన్యం.

లోపాలు దాచాల్సిన పని లేదు. గ్యాసు గాలి చోటును కొంత ఆక్రమించడం వల్ల పెట్రోలు ఇంజిన్లో శక్తి పదో వంతు దాకా తగ్గుతుంది. పెట్రోలు కంటే బొగ్గుపులుసు వాయువు తక్కువే వెలువడినా, మండకుండా లీకయ్యే మీథేన్ భూమిని అంతకన్నా ఎన్నో రెట్లు వేడెక్కిస్తుంది. కాబట్టి లీకు లేకుండా చూడటం ప్రాణరక్షణకే కాదు, అసలు ఈ ఇంధనం వాడి ప్రయోజనం ఉండాలంటే కూడా తప్పదు. గ్యాసు దగ్గర ఏమరుపాటు ఖరీదెంతో కోనసీమకు తెలుసు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను లీకై మంటలు లేచి ఇరవై మందికి పైగా చనిపోయారు.

అందుకే ఈ పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవించేది హైడ్రో టెస్టును. మూడేళ్లకోసారి సిలిండరును బండిలోంచి దించి, నీళ్ల తొట్టిలో ఉంచి, లోపల నీళ్లు నింపి, వాడకం ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కిస్తారు. గాలితో కాకుండా నీళ్లతోనే ఎందుకంటే, నీళ్లు నొక్కినా పెద్దగా కుదించుకోవు. ఒకవేళ సిలిండర్ పగిలినా గాలిలా విరుచుకుపడవు. ఒత్తిడికి సిలిండర్ కాస్త ఉబ్బుతుంది, ఉబ్బినంత మేర తొట్టిలో నీళ్లు బయటికి వస్తాయి. వాటిని కొలుస్తారు. ఒత్తిడి తీసేశాక ఉక్కు మళ్లీ యథాస్థితికి రావాలి. హద్దు మించి ఉబ్బు మిగిలిపోతే దాని పని అయిపోయినట్టే. పైకి కొత్తదానిలా మెరుస్తున్నా పక్కన పెట్టేస్తారు. నెగ్గితే మళ్లీ మూడేళ్ల గడువు వస్తుంది.

సెకండ్ హ్యాండ్ సీఎన్‌జీ బండి చూడటానికి వెళ్తే మైలేజీ అడిగే ముందు ఆ టెస్టు పత్రం తేదీ అడగండి. తర్వాత బానెట్ ఎత్తి గొట్టానికి చుట్టు ఉందో లేదో చూడండి. ఈ రెండూ సరిగ్గా ఉన్న బండిలో మిగతా పని కూడా శ్రద్ధగా జరిగే ఉంటుంది.