షడ్జం కదిలితే

డెన్మార్క్ స్వరకర్త కార్ల్ నీల్సన్‌ను (1865–1931) చాలామంది ఇద్దరుగా విడగొట్టి చూస్తారు. బడిపిల్లలు కూడా పాడుకునే పాటలు కట్టినవాడు ఒకడు, శ్రోతను కుదురుగా కూర్చోనివ్వని సింఫనీలు రాసినవాడు మరొకడు. ఈ పంపకం నాకు రుచించదు. ఫ్యూన్ ద్వీపంలో పన్నెండుమంది సంతానంలో ఏడోవాడు. తండ్రి ఇళ్లకు రంగులు వేసేవాడు, ఊళ్లో వేడుకలకు ఫిడేలూ కార్నెట్టూ వాయించేవాడు. కొడుకు పద్నాలుగేళ్లకే ఓడెన్స్ సైనిక బ్యాండులో చేరాడు. ఆరుబయట వాయించే సంగీతంలో నసుగుడు చెల్లదు. స్వరం సూటిగా పలకాలి, అడుగు ముందుకు పడాలి. పాటల్లోని ఆ సూటిదనమూ, సింఫనీల్లోని ఆ నడకా ఒకే చోట నేర్చినవే అంటాను.

మొదటి సింఫనీనే తీసుకుందాం. 1894లో యోహాన్ స్వెన్సెన్ దాన్ని నడిపిస్తుంటే, రాసినవాడు ఎప్పటిలాగే రెండో వయొలిన్ల వరుసలో కూర్చుని వాయించాడు. జి మైనర్ సింఫనీ అని పేరు, కానీ వినిపించే తొలి కార్డే సి మేజర్. చివరికి ముగిసేదీ సి మేజర్‌లోనే. మన కచేరీలో తంబురా షడ్జం కదలదు, గ్రహభేదం చేసినా తిరిగి దాని దగ్గరికే వస్తారు. ఐరోపా సింఫనీకీ బయల్దేరిన శ్రుతికే చేరడం ఆనవాయితీ. నీల్సన్ ఆ తిరుగు ప్రయాణాన్ని మానేశాడు. మాలర్ రెండో సింఫనీ కూడా అంతేగా అనవచ్చు. నిజమే, కానీ అక్కడ ఆ దూరాన్ని మోసేది పునరుత్థానమనే కథ, దాన్ని పాడే గొంతులు. ఇక్కడ మాటల ఊతం లేదు, పెనుగులాటంతా స్వరాల మధ్యే.

మరి 1922 నాటి ఐదో సింఫనీ సంగతేమిటి? ఆర్కెస్ట్రా నడకను ఎలాగైనా ఆపాలన్నట్టు సొంతంగా వాయించమని సైడ్ డ్రమ్ కళాకారుడికి అందులో సూచన ఉంది. 1924లో స్టాక్‌హోమ్‌లో కొందరు శ్రోతలు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. ఇందులో పల్లెపాట సరళత ఎక్కడుందని అడగడం న్యాయమే. అయితే ఆ డ్రమ్ము సైనిక బ్యాండు మనిషికి కొత్తది కాదు. దాని దాడిని తట్టుకుని నిలిచేది జి మేజర్‌లో సాగే, ఎవరైనా కూనిరాగం తీయగల వరస. ఫోక్ హైస్కూళ్ల కోసం అతను మరి ముగ్గురితో కలిసి కూర్చిన పాటల బాణీల పుస్తకం వెలువడిందీ ఆ 1922లోనే. ఆరో సింఫనీ మాత్రం నా వాదనకు అంత తేలిగ్గా లొంగదు. అందులో ట్రాంబోన్ ఆవలిస్తుంది; ఆ వెటకారం కొత్త సంగీతం మీదో, తన మీదో తేల్చి చెప్పలేను.