మూడు షిఫ్టుల మనిషి

కాసిపేట బొగ్గు బాయిలో దిగే కార్మికుడికి షిఫ్టు ఉంటుంది. అది అయ్యాక ఇల్లు ఉంటుంది. భూగర్భంలో పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు దాటకూడదని 1952 నాటి గనుల చట్టమే చెప్పింది. కొన్నేళ్లకోసారి పీఎంఈకి (నిర్ణీతకాల వైద్య పరీక్షకు) పిలిచి ఒళ్లంతా పరీక్ష చేస్తారు. ఆ కార్మికుడి ఇంట్లో ప్రార్థన చేసే పాస్టరుగారికి ఇవేవీ లేవు. పైగా ఆయనవి మూడు షిఫ్టులూ. ఫస్ట్ షిఫ్టు వాళ్లకు సాయంత్రం కూడిక కావాలి. నైట్ షిఫ్టు దిగినవాళ్లు పొద్దున్నే తలుపు తడతారు. సెకండ్ షిఫ్టు విడిచాక ఎవరింట్లోనైనా గొడవైతే అర్ధరాత్రి ఫోను ఆయనకే.

సంఘ పెద్దగా నేను మనసు పెట్టి చేసే పని ఈ మనిషిని, ఆయన ఇంటిని కనిపెట్టి ఉండటం. అందులో కష్టమైంది తిండి సంగతి. ఇల్లిల్లూ తిరిగే సేవలో ప్రతి గడపలోనూ చక్కెర ఎక్కువేసి చాయ్ ఇస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన. షుగరు గోలీ వేసుకుని, ఏమీ తినకుండా మధ్యాహ్నం దాకా మైకు ముందు నిలబడితే కళ్లు తిరుగుతాయి.

"అన్నా, సేవకుడే ఉపవాసం లేకుంటే సంఘం ఏమనుకుంటది?" అని పాస్టరుగారు ఒకసారి అడిగారు.

"డాక్టరును అడిగి ఉండండి అయ్యగారూ. సంఘానికి నేను చెప్త" అన్నాను. చెప్పాను కూడా. ఎవరూ ఏమీ అనుకోలేదు.

పాస్టర్ల ఆరోగ్యం ఒక్క మన బొగ్గు ఊళ్ల సమస్యే కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో యునైటెడ్ మెథడిస్ట్ పాస్టర్లను డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో సర్వే చేస్తే, నూటికి దాదాపు 40 మంది ఊబకాయంతో ఉన్నారని తేలింది. అక్కడి మామూలు జనంలో అది 30 లోపే.

మనసు సంగతి ఇంకా లోతైనది. తాగుడు, చిట్టీల అప్పులు, బాయిలో పైకప్పు కూలి చనిపోయినవాళ్ల ఇళ్లలో ఏడుపులు, అన్నీ ఆయన చెవినే పడతాయి. ఆయన ఎవరికి చెప్పుకోవాలి? పాస్టరు కుంగిపోయారంటే 'విశ్వాసం తగ్గింది' అనేవాళ్లున్నారు. ఆ మాట వింటే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. చావు కోరుకుని బదరీ వృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు. మా పాస్టరుగారికి వేరే మండలంలో ఇంకో సేవకుడు స్నేహితుడు. సోమవారం ఆయన దగ్గరికి వెళ్లి వస్తారు. ఆ రోజు ఫోను నా దగ్గర ఉంటుంది. చావు కబురైతే తప్ప ఆయనను పిలవను.

పాస్టరుగారి భార్య, అమ్మగారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆదివారం బడి, స్త్రీల కూడిక, వచ్చేపోయేవాళ్లకు వంట, అన్నీ ఆమెవే, జీతం లేకుండా. 1912లో డోర్నకల్ బిషప్పు అయిన అజరయ్యగారు గ్రామ ఉపదేశకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు భార్యలకు కూడా చదువు చెప్పించారు. సేవ ఇద్దరిదీ అని ఆయనకు అప్పుడే తెలుసు. మరి రక్త పరీక్షలకు అయ్యగారిని ఒక్కరినే ఎందుకు తీసుకెళ్లాలి? మేము ఇద్దరినీ తీసుకెళుతున్నాం.

డబ్బు దగ్గరే మేము ఇంకా వెనకబడి ఉన్నాం. పెద్ద సంఘాల్లో డయోసిస్ అండ ఉంటుంది. స్వతంత్ర సంఘాల సేవకుడికి ఆదివారం కానుకే ఆధారం. బొగ్గు గని కార్మికుడికి ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1948లోనే వచ్చింది. రిటైరై ఆ డబ్బు అందుకున్నవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. అది లేకపోతే ముసలితనం ఎట్లా గడిచేదో వాళ్లకు తెలుసు. అందుకే వచ్చే కమిటీ మీటింగులో వాళ్లనే మాట్లాడమంటున్నాను. కొత్త సౌండ్ బాక్సులు తర్వాత కొనవచ్చు. ముందు పాస్టరుగారి కుటుంబానికి ఆరోగ్య బీమా, ఆయన పేరు మీద నెలనెలా పోస్టాఫీసులో కొంత పొదుపు.