మ్యూయాన్ల లెక్కలో పనితనం

కాంతివేగానికి చేరువగా కదిలే గడియారం మనకు నెమ్మదిగా నడుస్తున్నట్టు తేలుతుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. దీనికి రుజువులు చాలానే ఉన్నాయి. వాటిలో నన్ను కట్టిపడేసేది భౌతికశాస్త్రవేత్తలు డేవిడ్ ఫ్రిష్, జేమ్స్ స్మిత్‌లు అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మీద చేసి 1963లో ప్రచురించిన ప్రయోగం. రోసీ, హాల్ 1941లోనే ఈ దారి తొక్కారు. అయినా ఫ్రిష్, స్మిత్‌ల పనితనం వేరు.

విశ్వకిరణాలు పై వాతావరణాన్ని తాకినప్పుడు మ్యూయాన్లు అనే కణాలు పుడతాయి. వాటి సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కొండ మీద 1,907 మీటర్ల ఎత్తున పరికరం పెట్టి, దాని నెత్తిన ముప్పావు మీటరు మందాన ఇనుము పేర్చారు. ఆ ఇనుము జల్లెడ పట్టినట్టు పనిచేస్తుంది. నెమ్మదైనవి అందులోనే ఆగిపోతాయి, మరీ వేగమైనవి పరికరాన్ని దాటిపోతాయి. కాంతివేగంలో దాదాపు 99.5 శాతంతో వచ్చినవే కిందనున్న ప్లాస్టిక్ సింటిలేటర్‌లో నిలుస్తాయి. నిలిచినప్పుడొక మెరుపు, క్షయమైనప్పుడొక మెరుపు. ఆ రెంటి నడుమ వ్యవధిని ఆసిలోస్కోప్ తెర మీద ఫోటో తీశారు. లెక్కకొచ్చినవి గంటకు సగటున 563.

అసలు నేర్పు ఇక్కడుంది. మ్యూయాన్ల ఆయుష్షు కోసం వాళ్లు ఇతరుల కొలతల మీదే ఆధారపడలేదు. ఆగిన మ్యూయాన్లు ఎంతెంత సేపు బతికాయో వాళ్ల ఫోటోలే చెబుతున్నాయి. కొండ నుంచి సముద్రమట్టానికి ప్రయాణం సుమారు 6.4 మైక్రోసెకన్లు. వేగానికీ కాలానికీ సంబంధమే లేకపోతే, ఆ ఫోటోల లెక్కన అప్పటికి మిగలాల్సినవి 27.

తర్వాత మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌కు దిగి మళ్లీ లెక్కపెట్టారు. ఇక్కడ ఇనుము తగ్గించారు. నడుమనున్న గాలి మ్యూయాన్లను ఎంత మందగింపజేస్తుందో అంతకు సరిపడా తీసేశారు. లేకపోతే కొండ మీద ఎంచినవి ఒక రకం, కింద ఎంచినవి మరో రకం అయ్యేవి. ఎంత శ్రద్ధ! కింద తేలింది గంటకు 408.

కొండ మీది లెక్కలో 563 కాస్తా 408కి తగ్గేది సుమారు 0.7 మైక్రోసెకన్లకు. అంటే మన గడియారంలో 6.4 గడిస్తే వాటికి గడిచింది అంతే. ఈ రెండు కాలాల నిష్పత్తి సిద్ధాంతం ప్రకారం 8.4, కొలతలో వచ్చింది 8.8. పొరపాటు హద్దుల్లో రెండూ కలిశాయి. మ్యూయాన్ పక్షాన చూస్తే దాని కాలం మామూలుగానే నడిచింది, కుదించుకుపోయింది కొండే. ఆ 1,907 మీటర్లు దానికి రెండు వందల పైచిలుకు మాత్రమే. ఎటునుంచి కొలిచినా నేలకు చేరేది ఆ 408 మ్యూయాన్లే.

ఈ ప్రయోగాన్ని వాళ్లు విద్యార్థుల కోసం సినిమాగా కూడా తీశారు. సాపేక్షత చెప్పే అధ్యాపకులు బోర్డు మీద సూత్రం రాయడానికి ముందు దాన్ని పిల్లలకు చూపించండి.