ముందు రోజులు లెక్కపెట్టాలి

“నిన్న నాలుగు పోట్లు పొడిచారు తల్లీ. ఇవాళన్నా ఒక్కదానితో పోనిస్తావా?” అని రెండు చేతులూ చాచి అడిగాడు ఆ పెద్దాయన. ఎముకకు ఇన్ఫెక్షన్ పట్టి మా వార్డులో చేరి అప్పటికి అయిదో రోజు. మోచేతుల నుంచి మణికట్ల దాకా నల్లగా కమిలిపోయాయి. నరం దొరకడం లేదని మేమంతా ఆయన నరాలనే తప్పుపట్టాం. తప్పు నరాలది కాదు. ఆరు వారాలు మందెక్కించాలని చేరిన రోజే కేస్‌షీట్‌లో రాసి ఉంది. అది చూసి కూడా, జ్వరమొచ్చి రెండ్రోజులుండి వెళ్లేవాళ్లకు నరంలో పెట్టే చిన్న గొట్టం, క్యానులానే ఆయనకూ పెట్టాం. అది వాచినప్పుడల్లా ఇంకోటి. ఇరవై ఏళ్లు నర్సుగా చేశాక కూడా ఆ చేతులు తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

సూది పట్టుకునే ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఎన్ని రోజులు, ఏ మందు? నరం వెతకడం ఆ తర్వాతి పని.

వార్డులో మేం క్యానులాలను రంగులతోనే పిలుస్తాం. ఆకుపచ్చది 18 గేజ్, గులాబీ 20, నీలం 22, పసుపు 24. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. రక్తం పోతూ వచ్చినవాళ్లకు కనీసం ఆకుపచ్చంత లావుది కావాలి, అందులో సందేహం లేదు. పూటకో యాంటీబయాటిక్ ఎక్కించడానికి మాత్రం చాలామందికి నీలం సరిపోతుంది. గొట్టం నరమంతా నిండిపోతే పక్కనుంచి రక్తం సరిగా పారదు, మందు పలచబడదు, నరం గోడ మండి వాస్తుంది. లావుది పెడితే మంచిదనే నమ్మకం ఇంకా ఎన్నో వార్డుల్లో ఉంది. అది పోవాలి.

చోటు సంగతీ అంతే. మోచేతి మడతలో నరం ఉబ్బి కనిపిస్తుంది కాబట్టి చెయ్యి అక్కడికే పోతుంది. అయితే రోగి అన్నం కలుపుకున్నా, దుప్పటి లాక్కున్నా గొట్టం లోపల రాసుకుంటుంది. ముంజేతి మధ్యలో పెడితే ఆ కదలిక ఉండదు.

మామూలు క్యానులా పొడవు సుమారు రెండు నుంచి నాలుగున్నర సెంటీమీటర్లే. లావుపాటి చేతుల్లో, లోతు నరంలోకి దాని కొస మాత్రమే దిగుతుంది, కాస్త కదిలితే జారిపోతుంది. అలాంటివాళ్లకు అల్ట్రాసౌండ్‌తో చూస్తూ పొడుగు గొట్టం వేయాలి. 2015లో మిషిగన్ వైద్యులు వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, నరాన్ని మండించని మందు రెండు వారాల్లోపు ఇవ్వాలంటే భుజం కింది చేతిలో పెట్టే మిడ్‌లైన్ తగినది. దాని కొస చంక దాటదు. వారాల తరబడి ఇవ్వాల్సినప్పుడు, కొస గుండె దగ్గరికి చేరే పిక్ లైన్. ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టే ముప్పు దీనికి ఉన్నాయి కాబట్టి నరం దొరకలేదన్న ఒక్క కారణంతో వేయకూడదు.

మూడు రోజులకోసారి క్యానులా మార్చే అలవాటు గురించి కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆసుపత్రుల్లో 3,283 మందిపై చేసిన పరిశీలన 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మూడు రోజులకోసారి మార్చినవాళ్లలోనూ, అవసరమైనప్పుడే మార్చినవాళ్లలోనూ నరం వాపు ఒకేలా, నూటికి ఏడుగురిలో కనిపించింది. పూటపూటా చూస్తూ, నొప్పీ ఎరుపూ వాపూ లేనిదాన్ని ఉంచుకోవచ్చు. మందు ఆపేసిన రోజు మాత్రం తీసేయాల్సిందే.

మా పెద్దాయనకు ఆరో రోజున పిక్ లైన్ వేశారు. మందు కోసం మళ్లీ సూది పడలేదు.

శ్రీకాకుళం ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగులను చూసినప్పుడు ఇదంతా ఇంకా బరువుగా తోస్తుంది. రేపు డయాలసిస్ కోసం ఫిస్టులా (నరాన్ని ధమనితో కలిపి చేసే దారి) చేయాల్సింది ఎక్కువగా ఆ ముంజేతి నరంతోనే. ఇవాళ అక్కడ గుచ్చి పాడుచేస్తే తిరిగి రాదు. వీళ్లకు అరచేతి వెనుక నరం వాడాలి, వీలైనంత వరకు పిక్ లైన్ జోలికి పోకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎక్కడ చేరినా, చెయ్యి చాచే ముందే ఆ మాట సిస్టర్‌కు చెప్పండి.