బూట్లు ఎవరివి? కథ ఎవరిది?

యుద్ధ వ్యతిరేక నవల అనగానే ముందు గుర్తొచ్చే పేర్లలో 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన జర్మన్ రచయిత ఎరిక్ మరియా రెమార్క్ రాసిన ఈ నవల 1929లో పుస్తకంగా వచ్చింది. 1933లో నాజీలు దీన్ని మంటల్లో వేశారు. యుద్ధంలో చావుకి వీరత్వం అంటగట్టకపోవడమే దీని నేరం.

ఇందులో అందరూ చెప్పుకునే ప్రతీక ఒక జత బూట్లు. కాలు తీసేసిన కెమ్మెరిక్ ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉంటాడు. అతని మెత్తటి పచ్చతోలు బూట్ల మీద మ్యూలర్ కన్ను పడుతుంది. కెమ్మెరిక్ పోతే అవి మ్యూలర్‌కి, మ్యూలర్ పోతే కథ చెప్పే పాల్‌కి. తన తర్వాత ఎవరికో కూడా పాల్ ముందే మాటిచ్చేశాడు. బూట్లు చేతులు మారిన ప్రతిసారీ ఒక మనిషి తగ్గిపోతాడు. ఈ వ్యాఖ్యానం నిజమే. కానీ ఇక్కడే ఆగితే నవల సగమే చదివినట్టు.

బూట్ల గురించి ఇంత చెప్పే నవలలో బూట్లు కుట్టేవాడు ఒకడున్నాడు. అతనే కాట్. ఎక్కడ తిండి దొరుకుతుందో, ఏ గుండు ఎటు పడుతుందో తెలిసినవాడు. ఆ కుర్రాళ్ళకి తల్లీ తండ్రీ లాంటివాడు. అతని వృత్తి గురించి పాల్ చెప్పేది ఒక్క మాట, అదీ 'అనుకుంటా' అన్నట్టు. ఆ సంగతితో పనిలేదని దాటేస్తాడు. ఎందుకు పనిలేదు? పాల్ బడి నుంచి నేరుగా యుద్ధానికి వచ్చిన విద్యార్థి గనుక. తోలు కనిపించింది, తోలుపని కనిపించలేదు.

ఇంకో పాత్ర హాయే. పీట్ తవ్వే కూలీ. యుద్ధం అయిపోతే ఏం చేస్తారని మాటలొచ్చినప్పుడు, శాంతికాలంలోనూ సైన్యంలోనే ఉండిపోతానంటాడు. తవ్వే పనికన్నా అక్కడి తిండీ పక్కా నయమట. మనం ఆగాల్సింది ఈ మాట దగ్గర. విద్యార్థికి యుద్ధం బతుకును లాగేసుకుంది. కూలీకి శాంతి మాత్రం ఏమిచ్చింది? పాల్ గొంతులో వినిపించే దుఃఖం నిజమైనదే, కానీ అందరి దుఃఖమూ అదే కాదు. దాన్ని దాచకుండా హాయే నోట పలికించడం రెమార్క్ నిజాయితీ.

కాట్‌ని అంబేడ్కర్ చెప్పిన అంటరానివాడితో కలిపేయకూడదు. పాల్, కాట్ ఒకే పొయ్యి దగ్గర బాతును కాల్చుకు తింటారు. అక్కడ వర్గం ఉంది, అంటు లేదు. మన దేశంలో సైన్యమే కులం చూసి మనుషుల్ని ఎంచింది. 19వ శతాబ్దం చివర్లో మహార్లకు ఆ తలుపు మూసేశారు. అదే యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహార్స్ పటాలం లేపారు, 1921లో రద్దు చేశారు. మళ్ళీ మహార్ రెజిమెంటు ఏర్పడింది రెండో యుద్ధంలో, 1941లో. సైన్యంలో చోటు కోసం దళితులు అర్జీలు పెట్టుకున్నది యుద్ధం మీద మోజుతో కాదు. ఊరు ఇవ్వని జీతం, చదువు, తలెత్తుకునే వీలు అక్కడ కొంతైనా దొరికాయి గనుక. అంబేడ్కర్ పుట్టిందీ మౌ కంటోన్మెంటులోనే, సైన్యంలో పనిచేసిన తండ్రికి.

అందుకే యుద్ధం వద్దు అన్న మాట ఒక్కటీ మనకు చాలదు. ఏ బతుకు మనిషిని సైన్యం వైపు తోసిందో అది కూడా మారాలనాలి. ఆ రెండో మాట లేని శాంతివాదం చదువుకున్నవాడి శాంతివాదంగానే మిగులుతుంది.

చివర్లో గాయపడ్డ కాట్‌ని పాల్ వీపు మీద మోసుకొస్తాడు. దారిలో తగిలిన చిన్న ఇనుప ముక్కతో కాట్ అప్పటికే చనిపోయాడని చేరాక గానీ తెలియదు. మీరు బంధువులా అని అక్కడివాళ్ళు అడుగుతారు. కాదంటాడు పాల్. ఈ నవలను తరగతిలో పాఠంగా చెప్పే మిత్రులు విద్యార్థులతో ఒక పని చేయించాలి: ఇదే కథను కాట్ చెబితే ఎక్కడ మొదలుపెడతాడో రాయమనాలి.