శివంగి లేని కొండలు

కోలారు బంగారు గనుల ఊరిని లోకం ఎప్పుడూ లోతుతోనే కొలిచింది. చాంపియన్ రీఫ్ గనిలో 3 కిలోమీటర్లకు మించి పాతాళానికి దిగిన మనుషుల కథలు చెప్పింది. రాయే జ్వరపడి 60 డిగ్రీలు దాటి కాగే చీకటిని వర్ణించింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కాలుమోపిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గని మూతబడిన నాటి దాకా, కడుపు కోసి తీసిన పసిడి సుమారు 800 టన్నులని లెక్క రాసుకుంది. 1965లో 2.3 కిలోమీటర్ల అడుగున శాస్త్రవేత్తలు కాపు కాసి, కొండల్నీ సముద్రాల్నీ దూసుకుపోయే న్యూట్రినోల జాడ పట్టారని గర్వంగా చెప్పుకుంది. అంతా లోతే, అంతా అడుగే. ఈ నేలకు పైభాగం ఒకటి ఉందనీ, దాని మీద తంగేడు పూస్తుందనీ, బోదగడ్డి ఊగుతుందనీ, ఎర్రమట్టి గట్ల మీద ఎండ దొర్లి దొర్లి ఆడుతుందనీ ఎవరూ పెద్దగా పాడలేదు. నాకు పాడి వినిపించినదానివి నువ్వు, నా వేటకుక్క శివంగీ. నాలుగు పాదాలతో పాడావు.

ఇప్పుడు నువ్వు లేవు. పాట ఆగిపోయిన ఈ పైనేల మీద నేను ఒక్కడినే నడుస్తున్నాను.

ఎలాంటి ఒడలమ్మా నీది! కోసుగా సాగిన ముఖం, లోతైన రొమ్ము, వెన్నుకు అంటుకుపోయిన పొట్ట, వెన్నెల నానిన ఇసుకరంగు చర్మం. దేవశిల్పి నిన్ను చెక్కుతూ అనవసరమైనదంతా రాల్చేసి, వేగం ఒక్కటే మిగిల్చి ఉలి కింద పెట్టాడేమో. నువ్వు పరుగందుకుంటే ఒక్కో దూకులో రెండేసి మార్లు నాలుగు పాదాలూ నేలను విడిచేవి: కాళ్లన్నీ పొట్ట కింద ముడుచుకున్నప్పుడు ఒకసారి, ఎక్కుపెట్టి వదిలిన విల్లులా చాచుకున్నప్పుడు ఇంకోసారి. ఆ రెండు క్షణాల్లో నువ్వు మన్నుకు చెందినదానివి కాదు. మళ్లీ మన్ను నిన్ను అందుకునేది, మళ్లీ పోగొట్టుకునేది.

నీ పుట్టిల్లు బాగల్‌కోట వైపు ముధోల్. ఆ సంస్థానాన్ని ఏలిన మాలోజీరావు ఘోర్పడే పల్లెల్లో చెదిరి ఉన్న నీ పూర్వుల్ని ఏరి, వంశం నిలబెట్టి, ఐదవ జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చాడు. 2005లో తపాలా బిళ్ల మీద నీ జాతి బొమ్మ అచ్చయింది. 2016లో సైన్యం మీరట్ శిక్షణ కేంద్రానికి నీ జాతి పిల్లల్ని తీసుకుపోయింది. 2020లో ప్రధాని రేడియో ప్రసంగంలోనూ ముధోల్ పేరు వినబడింది. కీర్తికి కొదవలేదు. కానీ ఆ కీర్తి వెంట బెంగళూరు ఫ్లాట్లలోకి వచ్చిన నీ తోబుట్టువుల్ని తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. ఎనిమిదో అంతస్తు బాల్కనీలో, పూలకుండీల మధ్య, గొలుసు పొడవే లోకంగా నిలబడి, దూరాన ఎగిరే పావురాన్ని కంటితోనే వేటాడే ముధోల్‌ను నేను చూశాను. ఆ కంట్లో ఉన్న ఆకలి అన్నంతో తీరేది కాదు.

పని కోసం పుట్టినవాళ్ల దగ్గర్నుంచి పని తీసేస్తే ఏమవుతుందో మా ఊరికి తెలిసినంత ఏ ఊరికి తెలుసు? నీ జాతి పని వేట. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఆ పనిని ఆపింది. ఆపడమే న్యాయం, కుందేలు ప్రాణమూ ప్రాణమే. అదే 1972లో మా గనులు భారత్ గోల్డ్ మైన్స్ చేతికి వచ్చాయి. ముప్ఫై ఏళ్లు తిరక్కుండానే మా పనీ ఆగింది. ఆ తర్వాత గని కంపెనీ కట్టిన మా లైన్ల మగవాళ్లూ ఆడవాళ్లూ చీకటితో లేచి స్వర్ణ రైలు పట్టుకుంటున్నారు. మారికుప్పం, చాంపియన్, ఊరుగాం, కోరమాండల్, బెమెల్ నగర్... ఒక్కో స్టేషన్‌లో రైలు మా ఊరిని కొంచెం కొంచెంగా ఎక్కించుకుని బెంగళూరుకు మోసుకుపోతుంది. పొద్దుపోయాక వాడిన ముఖాలతో తెచ్చి దింపుతుంది. ఆ రైలు కూత వినగానే నువ్వు చెవులు నిక్కించి లేచేదానివి. ఊరు పనికి పోయే వేళ అది. మన కొండ నడకకూ అదే వేళ.

ముధోల్‌తో కొండ ఎక్కడం షికారు కాదు. పొద్దెక్కకముందే బయలుదేరాలి, రాయి కాగకముందే దిగాలి. లోతైన రొమ్ము ఉన్న కుక్కకు తిన్న వెంటనే పరుగు పెడితే కడుపు మెలిపడి ప్రాణం మీదికి వస్తుంది గనుక పరగడుపునే నడవాలి. నీ చర్మం ఎంత పలచన అంటే బలుసుముల్లు గీరినా చీలికే. మోకాటి ఎత్తు సర్కారు తుమ్మ పొదల్ని చుట్టి పోవడం నేర్చుకున్నాను. దారిలో నీళ్లు నాకంటే ముందు నీకు. దిగి వచ్చాక అరికాళ్ల మెత్తలు ఒక్కొక్కటీ పట్టి చూడటం, వేళ్ల సందుల్లో పల్లేరు ముళ్లు ఏరడం, చెవి మడతల్లో పిడుదులు వెతకడం. ఇదంతా పూజకు ముందు చేసే అంగన్యాస కరన్యాసాల్లా నాకు అలవాటైపోయింది.

మొదటి మలుపులో సైనైడ్ దిబ్బలు. గని కడుపులోంచి తవ్వి తెచ్చి, పొడిచేసి, పసిడి పీల్చుకుని, ఊరి నెత్తిన పారబోసిన పిండిరాయి అది. నూరేళ్ల పిండి. బూడిద పూసుకున్న బైరాగుల్లా దిబ్బలు వరుసగా కూర్చుని ఉంటాయి. వాన చీల్చిన చారికల మధ్య పొద్దు పొడిచే వేళ లేత గులాబి రంగు జారుతుంటే కెమెరాలు పట్టుకుని సినిమావాళ్లు పరుగెత్తుకొస్తారు. గాలి రేగితే మాత్రం ఆ అందమంతా లేచి వచ్చి మా కళ్లలో, మా పళ్లేల్లో, మా ఊపిరితిత్తుల్లో పడుతుంది. ఆ దిబ్బల పాదాన నిలిచిన నీళ్లలో నిన్ను ఏనాడూ మూతి పెట్టనివ్వలేదు. వాసన చూసి నువ్వే ముఖం తిప్పుకునేదానివి. 2024లో ఆ దిబ్బల్ని మళ్లీ కడిగి బంగారం తీసే ప్రతిపాదనకు రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. పని వస్తుందేమోనని మా వాళ్ల గుండెల్లో ఆశ చిగురించింది. ధూళి లేస్తుందేమోనని నా గుండెలో గుబులు పుట్టింది. ఆ రెండూ నిజమే.

అంతరగంగ కొండ నీకు ప్రాణం. కోలారు పక్కన ఆకాశానికి అడ్డంగా పడి ఉన్న శతశృంగ పర్వతం అది. రాతి మీద రాయి, రాయి కింద గుహ, గుహలో చల్లని చీకటి. సృష్టి మొదటి రోజున ఏ దేవతో బంతులాడి పోయిన మైదానంలా ఉంటుంది. జమదగ్నీ రేణుకా ఇక్కడే కాపురం ఉన్నారనీ, కామధేనువు కోసం కార్తవీర్యార్జునుడు కోలాహలం చేసింది ఇక్కడేననీ మా పెద్దలు చెబుతారు. కాశీ విశ్వేశ్వరుడి గుడి ముంగిట రాతి బసవన్న నోటి నుంచి జాలువారే నీటిధార దగ్గర భక్తులుంటారు, కోతులుంటాయి. కోతి కనబడిందంటే నీ ఒళ్లు తీగలా బిగుసుకునేది. గొలుసు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, నిన్ను మోకాలికి ఆనించుకుని, మెట్లు దాటించేవాణ్ని. గుడి దాటి తేరహళ్లి దారి పట్టాక నువ్వు మారిపోయేదానివి. గుండు నుంచి గుండుకు నీ చూపు ముందు దూకేది, చూపు వెనుక నువ్వు. పైకి చేరాక కింద కోలారు మైదానమంతా పరుచుకునేది. రాగి చేలు, టమోటా తోటలు, మామిడి తోపులు, నీలగిరి చెట్ల వరుసలు, అద్దపు ముక్కల్లా చెరువులు. నేను కూలబడి రొప్పుతుంటే నువ్వు అంచున నిలబడి, గాలిలో ముక్కు పెట్టి, ఆ విశాలమంతా చదువుకునేదానివి. మా తాతలు దిగిన లోతు ఎంతో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నేల వెడల్పు ఎంతో ఆ అంచున నీ పక్కన నిలబడే తెలుసుకున్నాను.

నిశ్చింతగా గొలుసు విప్పగలిగిన చోటు ఒక్కటే ఉండేది మనకు: ఎండిపోయిన చెరువు. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా ఇది. వెయ్యి అడుగులు దాటిన బోరుబావుల జిల్లా. ఆ పగుళ్లు బారిన చెరువు కడుపులో, కట్టకూ కట్టకూ మధ్య, నువ్వు వలయాలు వలయాలుగా తిరుగుతుంటే కరువుకే కాళ్లొచ్చి నాట్యమాడుతున్నట్టుండేది. తర్వాత 2018లో బెంగళూరు మురుగును శుద్ధి చేసి మా జిల్లా చెరువులకు పంపడం మొదలైంది. మన చెరువులోకీ నీళ్లొచ్చాయి. కొంగలు దిగాయి. ఆ నీళ్ల మంచిచెడ్డల మీద వాదాలు నడిచాయి. నువ్వు గట్టున నిలబడి, నీ మైదానం ఎటు పోయిందని నా వైపు చూశావు. కరువు తీరిందని సంతోషించాలో, నీ పరుగు మునిగిందని ఏడవాలో తెలియక ఆ రోజు నీ మెడ నిమురుతూ ఊరుకున్నాను.

ఆవనిలో ఒక కురుబ తాత ఉండేవాడు. సీతమ్మ లవకుశుల్ని కన్న చోటని పేరుపడిన ఆ కొండ కింద, రామలింగేశ్వరుడి గుడి వెనుక, గొర్రెలు మేపుకునేవాడు. నిన్ను మొదటిసారి చూసి, "ఏమప్పా, ఇట్ల బక్కగా వుండాది? కూడు పెట్టవా దీనికి?" అని నన్ను కోప్పడ్డాడు. "ఇది ఇట్లనే వుంటాది తాతా, ఇదీ దీని జాతి" అన్నాను. నీ తొడ మీద చెయ్యేసి, ఆ కండ తడిమి చూసి, తల ఊపాడు. "కట్టు మాత్రం ఇప్పొద్దు నాయినా, మంద చెదురుతాది" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు కనబడినా తన రొట్టెలోంచి ఒక తుంపు నీకు దాచి ఉంచేవాడు. కొండ మీద సీతమ్మ గుడికి ఎక్కే నున్నటి బండమీద నువ్వు గోళ్లు పట్టు దొరక్క జారి, మళ్లీ నిలదొక్కుకుని, నేను పైకి చేరేదాకా వెనక్కి వెనక్కి తిరిగి చూస్తూ ఎక్కేదానివి. ఎంత వేగం ఉన్నా నన్ను వదిలి పోలేదు. ధర్మరాజు వెనుక కుక్క నడిచిందని భారతం. మన కథలో కుక్కే ముందు నడిచింది, మనిషే వెనుకబడ్డాడు.

నిన్ను తీసుకుపోయింది పులి కాదు, పంది కాదు. నువ్వుగింజంత పిడుదు. ఎన్ని మార్లు ఏరినా ఒకటి మిగిలింది. దక్షిణాది కుక్కలకు పిడుదులు మోసుకొచ్చే జ్వరం ఎంత మామూలో, అంత మాయదారిది. రక్తంలో చేరి, రక్తం గడ్డకట్టే కణాల్ని తినేస్తుంది. ముందు అన్నం మానేశావు. తర్వాత గొలుసు గలగలకు లేవడం మానేశావు. ఒక ఉదయం నీ ముక్కు నుంచి నెత్తురు చుక్క నేల మీద పడింది. మందులు పడ్డాయి, సెలైన్ ఎక్కింది, డాక్టరు తన శక్తి కొద్దీ పోరాడాడు. చివరి రాత్రి నా ఒడిలో పడుకుని నిద్రలోనే కాళ్లు ఆడించావు. ఏ కొండ మీద పరుగెత్తుతున్నావో నాకు తెలియలేదు. తెల్లవారుజామున ఆ కాళ్లు ఆగాయి. రైలు కూసింది. నువ్వు లేవలేదు. నా గుండె చెరువైంది, తల్లీ. దానికి కట్ట లేదు.

ఆ తర్వాత ఆవనికి పోతే తాత రొట్టెతుంపు చేతబట్టుకుని, "యాడప్పా, నీ బక్కది?" అన్నాడు. చెప్పాను. ఆయన ఆ తుంపును తన కుక్కకు వేయలేదు, తనూ తినలేదు. తలగుడ్డ కొసకు ముడి వేసుకుని, గొర్రెల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

బెంగళూరు మ్యూజియంలో ఒక రాయి ఉంది. ఆతకూరు వీరగల్లు. కువళాలపురమని మన కోలారును తమ బిరుదుల్లో మోసిన గంగరాజుల కాలం నాటిది, క్రీ.శ. 949-50. తక్కోలం యుద్ధంలో గంగరాజు రెండవ బూతుగుడి వైపు నిలిచి మణలేరుడనే వీరుడు పరాక్రమం చూపితే, ఏం కావాలో కోరుకొమ్మన్నారు. అతడు ఊళ్లు అడగలేదు, ఏనుగుల్ని అడగలేదు. కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడింది. రెండూ కలిసి నేలకూలాయి. మణలేరుడు గుడి ముందు రాయి నిలిపాడు, పందీ కుక్కా పెనుగులాడే బొమ్మ చెక్కించాడు, ఆ రాతి పూజకు పొలం రాసిచ్చాడు. పొలం అనుభవించే పూజారి ఆ రాతిని అర్చించకుండా అన్నం ముట్టితే పాపం చుట్టుకుంటుందని శాసనంలో ఆన పెట్టాడు.

ఆ రాతి ముందు నిలబడి చాలాసేపు ఏడ్చాను. వెయ్యేళ్ల కిందటి ఆ మనిషి దుఃఖం, నా దుఃఖం ఒకే భాష మాట్లాడుకున్నాయి. నీ పేర రాయి నిలపడానికి నాకు గుడి లేదు. రాసివ్వడానికి మాన్యం లేదు. గని కంపెనీ కట్టిన లైనులో ఒక గది, ముంగిట జానెడు మన్ను, అంతే నా రాజ్యం. అయితే రెండు కాళ్లున్నాయి, అవి నువ్వు పనికి పెట్టిన కాళ్లు. తెల్లవారితే లేస్తున్నాను. దిబ్బలు దాటి, చెరువు గట్టు దాటి, కొండ దారి పట్టుకుంటున్నాను. నీ వేగం నాకు రాదు, నీ చూపు నాకు లేదు. అయినా పోతున్నాను శివంగీ, నోట్లో ముద్ద పెట్టుకోకముందే.